మన ఇంజను

నూకరాజు ముప్పై మూడేళ్లు రైలింజన్లు బాగు చేశాడు, ఒక్కటీ నడపలేదు. ఇదేం విడ్డూరమని నవ్వకండి. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఇంజన్ల షెడ్డంటే అంతే. ఫిట్టరు దాని పొట్ట కింద దూరి, ఒళ్లంతా మసితో బయటికొస్తాడు. డ్రైవరు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, కూత పెట్టి తీసుకుపోతాడు. బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి పాతికేళ్ల వయసులో వచ్చిన నూకరాజు, తొంభై మూడులో రిటైరయ్యేదాకా ఆ కూత వెనక నుంచే విన్నాడు. ఒక్కసారి నడపాలన్న కోరిక మాత్రం రిటైరు కాలేదు. ఆయన్ని బుట్టలో వేయాలంటే ఆ ఒక్క మాట చాలు. రాజగోపాల్ ఆ మాటే అన్నాడు.

రాజగోపాల్ ప్లాంటులో ఆఫీసరు, స్మృతి నగర్‌లో సొంతిల్లు. కలకత్తాలో ఎవరో దొరలనాటి సామాను అమ్ముతుంటే ఒక బుల్లి ఆవిరి ఇంజను కొనుక్కొచ్చాడు. బుల్లిదంటే అల్మారాలో పెట్టే బొమ్మ కాదు. మూడడుగుల పొడవు, ఎత్తితే నడుం పట్టేసే బరువు. లోపల నిజంగా నీళ్లు మరగాలి, నిజంగా చక్రాలు తిరగాలి. అరవై ఏళ్ల కిందటిది కాబట్టి పిస్టన్లు బిగుసుకుపోయాయి, బాయిలరు గొట్టాలు చిల్లులు పడ్డాయి.

"బాబాయ్, మనిద్దరం దీన్ని బతికిద్దాం. మొదటిసారి నువ్వే నడపాలి, ఇది నా మాట!" అన్నాడు రాజగోపాల్.

"నానా బాబూ, నడిపేది?" అన్నాడు నూకరాజు. అంతే, రెండేళ్ల ఆదివారాలు ఆ ఇంటి గ్యారేజీలో కరిగిపోయాయి.

పూర్వం అది స్పిరిట్ దీపంతో నడిచేది. ఆ దీపం సెగకి ఇంజను తనని తాను ఈడ్చుకోవడమే గొప్ప, మనిషిని లాగాలంటే బొగ్గు కావాలన్నాడు నూకరాజు. కుమ్హారిలో పాతసామాన్ల కొట్లు గాలించి రాగిరేకు తెచ్చి కొత్త బాయిలరు కట్టాడు. హథ్‌ఖోజ్‌లో తెలిసినవాళ్ల లేతు మీద కొత్త పిస్టన్లు తయారుచేశాడు. పొగగొట్టంలోకి సన్నగా ఆవిరి చిమ్మే చిన్న కవాటం ఒకటి బిగించాడు. బండి నడుస్తున్నంతసేపూ నిప్పుకి గాలి దానంతటదే అందుతుంది. ఆపితే మాత్రం ఆ కవాటాన్ని పావు తిప్పు తెరవాలి, లేకపోతే నిప్పు చచ్చిపోతుంది. ఈ సంగతి ఆయన రాజగోపాల్‌కి చెప్పలేదు. దాచాలని కాదు, నడిపేది తనేగా అనుకున్నాడు.

ఇంట్లో ఎప్పుడు చూసినా ఆ ముచ్చటే.

"మనింజనూ, మనింజనూ అంటావు. మనింట్లో పంపు ఆర్నెల్ల నుంచి కారతంది, దాన్నెవుడు సూస్తాడు?" అనేది భార్య జోగమ్మ.

"ఇంజను అయిపోనీవే," అనేవాడు.

తొంభై ఆరు జనవరి నాటికి అయిపోయింది. ఇరవై ఒకటో తేదీ ఆదివారం మొదటి నిప్పు, శుక్రవారం రిపబ్లిక్ డేకి కాలనీ మైదానంలో ప్రదర్శన అనుకున్నారు. ఆదివారం కోసం జోగమ్మ చేత చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు కూడా.

శనివారం పొద్దున్నే కూతురు రజనీకుమారి హిందీ పేపరు పట్టుకొచ్చింది. రాజగోపాల్, అతని బావమరిది ఇంజను పక్కన నిలబడి నవ్వుతున్న ఫోటో. కింద, సొంతంగా చేశాం, రెండేళ్లు పట్టిందన్న రాజగోపాల్ మాటలు గట్టిగా చదివింది. "హమ్‌నే ఖుద్ బనాయా, దో సాల్ లగే."

"హమ్ అంటే మనమే గదా!" అన్నాడు నూకరాజు మురిసిపోతూ. "పేరెయ్యకపోతే ఏటి, మాటలో నానున్నాను." ముప్పై ఆరేళ్లుగా హిందీ మాట్లాడుతున్న మనిషే, ఆ ఒక్క మాటని తెలుగు చెవితో విన్నాడు.

భిలాయిలో పుట్టి పెరిగిన పిల్లకి ఆ భ్రమ లేదు. "కాదు నాన్నా, ఇక్కడ ఒక్కడే ఉన్నా హమ్ అనే బోల్తారు. ఔర్ దేఖో, పొగగొట్టంలోంచి ధువా వస్తంది. చాలూ చేసీనారు కదా?"

నూకరాజు పేపరు లాక్కుని చూశాడు. పొగే. తను లేకుండానే వెలిగించేశారా అనుకుంటూ సైకిలు తీశాడు.

రాజగోపాల్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. బాబాయ్ అనలేదు. "రండి నూకరాజు గారూ. పేపరువాళ్లు తొందరపెట్టారండీ, అందుకని మా ఇంజను మేం నిన్ననే వెలిగించేశాం. ఆపకుండా ఒక చుట్టు తిప్పాం కూడా. మీ సాయం మరిచిపోను, శుక్రవారం మీకు ముందువరసలో కుర్చీ వేయిస్తా."

మా ఇంజను. మేం. హిందీలో అయితే ఎవరైనా దూరి తలదాచుకోవచ్చు, తెలుగులో ఆ వీలు లేదు. ఎదురుగా నిలబడ్డవాడితో 'మా' అంటే తలుపు వేసినట్టే. నూకరాజుకి ఏడుపొచ్చింది. తనని పనివాడిగా చూసుంటే ఇంత బాధ ఉండేది కాదు. రెండేళ్లు బాబాయ్, మనం అని పిలిచి పని చేయించుకోవడమే గుండెల్లో గుచ్చుకుంది. "అలాగే బాబూ" అని మాత్రం అని వచ్చేశాడు.

శుక్రవారం వెళ్లకుండా ఉండలేకపోయాడు. ముందువరస కుర్చీలో కూర్చున్నాడు. ఇంజను కూత పెట్టి, గుండ్రంగా పరిచిన బుల్లి పట్టాల మీద, వెనక చిన్న పెట్టెలో కూర్చున్న రాజగోపాల్‌ని లాక్కుంటూ రెండు చుట్లు తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. ఎంత బాగా నడుస్తోందో చూసి నూకరాజుకి గర్వం, దాని వెనకే కడుపుమంట. ముఖ్య అతిథితో ఫోటోల కోసం రాజగోపాల్ బండి ఆపాడు. కవాటం తెరవలేదు. పొగ పలచబడింది. ఫోటోలయ్యాక మీట ఎంత లాగినా బండి కదల్లేదు.

రాజగోపాల్ చెమటలు తుడుచుకుంటూ జనంలోకి వెతికాడు. "బాబాయ్! మన ఇంజను ఆగిపోయింది, ఒకసారి చూడవా?"

లోపల నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది. వెంటనే పావు తిప్పు తిప్పి, నాలుగు బొగ్గులు వేస్తే చాలు. ముప్పై మూడేళ్లలో చల్లారిపోతున్న ఇంజనుని చూస్తూ కూర్చున్న పాపం ఎరగడు నూకరాజు. లేవబోయిన చేతుల్ని తొడల కింద పెట్టుకున్నాడు.

"మీ ఇంజను గదా బాబూ. మీకే తెలవాల," అన్నాడు.

ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకి వచ్చేదాకా చూసి, అప్పుడు లేచాడు.

ఇంటికి రాగానే జోగమ్మ ఎదురొచ్చింది. "ఏటయ్యా, మనింజను బాగా నడిసిందా?"

నూకరాజు పెట్టె తెరిచి పానా తీసి, కారుతున్న పంపు దగ్గర కూర్చున్నాడు.

"ఆల్లింజను," అన్నాడు. "ఆగిపోనాది."