కొబ్బరినీళ్లు పోసిన హార్డ్‌డిస్క్

దసరా మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. తెర వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది.

లక్సెట్టిపేటలో ఇంట్లోనే కూర్చుని పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. కెమెరావాళ్లు మెమరీ కార్డులు తెచ్చిస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, కార్డు ఖాళీ చేసి తిరిగిచ్చేస్తాను. శ్రావణంలో రోజుకో ముహూర్తం, కార్డు ఎవరి దగ్గరా ఆగదు. అట్లా ఒక రైతు కుటుంబంలో జరిగిన పెళ్లి నా డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. పెళ్లికూతురి తండ్రి దుబాయిలో ఉంటాడు. సెలవు దొరకక ఫోన్‌లోనే పెళ్లి చూశాడు. సరిగ్గా ముహూర్తానికి లైన్ తెగింది.

పండుగకు వారం ముందు ఆయన ఫోన్ చేశాడు. "చెల్లే, పుస్తె గట్టంగ నేను చూడలే. వీడియో జర జల్ది పంపరాదు."

"పండుగ కాంగనే పంపుత అన్నా," అన్నాను. డిస్కు నిండిపోయింది, కొత్తది కొన్నాక చేద్దామని బద్ధకించాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి బయల్దేరాను. సీపీయూని పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని మంచిర్యాల బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చింది.

కంప్యూటర్ దుకాణదారు మూడు రకాల డిస్కులు ముందు పెట్టాడు. "మిక్సింగ్‌కు గీ చిన్నది మంచిగుంటది అక్కా, ఉరుకుతది. గిది సీసీ కెమెరాలకు. దాచుకునేటందుకు గా పెద్దది."

"వీటిల చెడిపోనిదేది?"

"చెడిపోని డిస్కు ఇంకా పుట్టలే అక్కా," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. పోయేది అతని పరువు కాదుగా!

పాత డిస్కు కోసం సీపీయూ విప్పాడు. నవ్వు ఆగిపోయింది. "అక్కా, దీనికి కొబ్బరినీళ్లు పోసిండ్రా?"

పోసింది నేనే. ఆయుధపూజకు అత్తమ్మ పసుపు కుంకుమ పెట్టింది. అన్నం పెట్టే మిషన్ కదా అని నేను కాయ కొట్టి, నీళ్లు ధారగా దాని నెత్తిన పోసి దండం పెట్టుకున్నాను. అవి పై చిల్లుల్లోంచి దిగి, డిస్కుకు కరెంటు వైరు పెట్టే చోట బంకలా ఎండిపోయాయి. లోపల కుంకుమ కూడా ఉంది.

"తుడిచి చూస్త. నడిస్తే నడిచినట్టు. జిమ్మేదారి నాది కాదు," అన్నాడతను.

అతను తుడుస్తుండగా నా ఫోన్ మోగింది. దుబాయి నంబరు. ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పను? బిడ్డ పెళ్లి చూడలేని మనిషికి అది ఇక ఎప్పటికీ చూడలేవని ఎట్లా చెప్పను? ఫోన్‌ను కొంగులో చుట్టేశాను.

అతను మళ్లీ వైరు పెట్టాడు. టిక్కు టిక్కు ఆగింది. డిస్కు తిరిగింది.

ఏది కొనాలో అప్పుడు తెలిసింది. ఉరికేది వద్దన్నాను. మామూలువి, ఒకే సైజువి రెండు తీసుకుని, పెళ్లిని రెండింట్లోకీ ఎక్కించమన్నాను. ఒక్కదాన్ని నమ్మే ధైర్యం నాకు పోయింది.

అంతా ఎక్కాక, సరిగ్గా వచ్చిందో లేదోనని అతను ఒక ముక్క తెరిచాడు. పెళ్లికొడుకు పుస్తె కడుతున్నాడు. పక్కన పెళ్లికూతురి తల్లి, దుబాయిలో ఉన్న భర్తకు కనబడాలని ఫోన్ ఎత్తి పట్టుకుంది, తెర మండపం వైపు, వెనక వైపు తనకు. ఆ తెర నల్లగా ఉంది. లైన్ పోయిందని ఆమెకు తెలియదు. మూడు ముళ్లూ పడేదాకా చెయ్యి దించలేదు.

ఆ నల్ల ఫోన్ ఉన్న ముక్కను కోసెయ్యాలా, ఉంచాలా? చూస్తే ఆయన ఏమైపోతాడోనని ఇంటిదాకా భయపడుతూనే వచ్చాను. చివరికి ఉంచి పంపాను.

మర్నాడు ఆయన ఫోన్ చేశాడు. పుస్తె సంగతి ఎత్తనేలేదు.

"మా ఇంటామెకు చెయ్యి గుంజలేదా చెల్లే," అన్నాడు, "గంతసేపు పట్టుకున్నది."