రెండో తుమ్ము

మా ఇంట్లో ఒక్క తుమ్ముకు ఉన్న విలువ నా బీఎస్సీకి లేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే ఆ సంగతి తెలిసిపోయింది. గడప దాటబోతుంటే ఎవరైనా ఒక్కసారి తుమ్మారా, ఇక అంతే. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగితే గానీ బయలుదేరకూడదు. వెంటనే రెండో తుమ్ము వస్తే మాత్రం మొదటిది రద్దయిపోయి, పోయే పని శుభంగా జరుగుతుంది. ముక్కులోకి దుమ్ము పోతే తుమ్ము వస్తుందనీ, దానికి మన బస్సు టైముతో సంబంధం లేదనీ మా అత్తమ్మతో ఎన్నోసార్లు వాదించాను. "అట్లయితే ఆ దుమ్ము నువ్వు బయటికి వొయ్యేటప్పుడే ఎందుకు వొయ్యాలె ముక్కులకు?" అని అడిగేది. దీనికి జవాబు నా సిలబస్‌లో లేదు.

కరోనా వచ్చాక ఆమెకు పట్టపగ్గాల్లేవు. ఎవరైనా తుమ్మితే బజారు బజారంతా ఉలిక్కిపడుతుంటే, "సూశినవా? నేను ఎన్నేండ్ల సంది చెప్తున్నది గిప్పుడు సర్కారుకు సమజైంది" అంటూ ఇల్లంతా తిరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేమిద్దరం విమానం ఎక్కాల్సి వచ్చింది. మా ఆడబిడ్డ జైపూర్‌లో ఉంటుంది. పెళ్లయిన పన్నెండేళ్లకు కడుపు నిలిచింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, కానీ మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే లేచి పిల్ల దగ్గరికి పోవాలి. పైగా ఆ ఆసుపత్రిలో కాన్పుల వార్డులోకి మగవాళ్లను రానివ్వడం లేదట. తోడుగా ఒక్క ఆడమనిషి ఉండొచ్చు, అదీ పరీక్షలో ఏమీ లేదని తేలాకే. ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. మధ్యలో ఉన్నది ఒకే ఒక్క విమానం. అది తప్పితే, ఆ పిల్ల ఒంటరిగా లోపలికి పోయి ఒంటరిగానే కనాలి.

మా ఆయనకు విత్తనాలు, ఎరువుల దుకాణం. వానలు పడ్డాయి, గిరాకీ మీద ఉన్నాడు. "నేను గూడ రావాల్నా?" అని నీళ్లు నమిలాడు. "నువ్వొచ్చి ఏం జేస్తవ్రా, గేటు కాడ వాచ్‌మన్‌కు తోడుంటవా?" అని వాళ్లమ్మే తేల్చేసింది.

బయలుదేరే ముందు అత్తమ్మ బాలింత కోసం కాయం దంచింది. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఇంకా ఏవేవో వేర్లు. అక్కడికి పోయాక బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతానని పొడిగానే స్టీలు డబ్బాలో పోసి నా చేతిసంచిలో పెట్టింది. ఆ రోకటి దెబ్బలకు లేచిన ఘాటుకు పక్కింటివాళ్లు కిటికీలు వేసుకున్నారు. ఎదురింటాయన మాకు కరోనా వచ్చిందా అని ఫోన్ చేసి మరీ అడిగాడు. "మాకు రాలే, మీ ఇంటికి పంపియ్యాల్నా?" అన్నాను. మళ్లీ ఫోన్ రాలేదు.

శకునాల సంగతికొస్తే, ప్రయాణానికి అంతకంటే మంచి కాలం మళ్లీ రాదు. వీధిలో ఎదురొచ్చేవాళ్లే లేరు. పిల్లి కూడా ఇంటిపట్టునే ఉంది. జహీరాబాద్ నుంచి శంషాబాద్ దాకా రోడ్డు మా ఒక్కళ్ల కోసం వేసినట్టు ఉంది. పటాన్‌చెరు దగ్గర ఎప్పుడూ తిట్టుకుంటూ కూర్చునే చోట మా కారు నిలవకుండా జారిపోతుంటే, తిట్టుకునే అవకాశం పోయిందని మా ఆయన దిగులుపడ్డాడు. విమానాశ్రయం తలుపు దగ్గర మమ్మల్ని దింపి, వాళ్లమ్మ కాళ్లకు దండం పెడదామని వంగి, దూరం పాటించాలని గుర్తొచ్చి, అక్కడి నుంచే గాలిలో దండం పెట్టాడు.

లోపల ఫోన్‌లో ఒకటి చూపించమన్నారు, ముఖం మీద నుంచి మాస్కు ఒకసారి దించమన్నారు, మళ్లీ ఎక్కించమన్నారు, చేతుల మీద ఏదో పోశారు. అడుగడుగునా పోస్తూనే ఉన్నారు. "తీర్థం ఇస్తున్నరా ఏందే?" అని అత్తమ్మ దోసిలి పట్టింది. తాగబోతుందేమోనని ఒక్క గంతులో పోయి చెయ్యి పట్టుకున్నాను. ఒక లాభం మాత్రం చెప్పుకోవాలి. అత్తగారి పక్కన నడుస్తూ నోటికొచ్చింది గొణుక్కోవడానికి మాస్కంత అనువైన బట్ట ఇంతవరకు ఎవరూ నేయలేదు.

బోర్డింగ్ మొదలైంది. నేల మీద గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కొక్కరు నిలబడమన్నారు. అత్తమ్మకు అది నచ్చింది. తొక్కుడుబిళ్ల ఆటలాగా ఒక్కొక్క గుండ్రం దాటుకుంటూ చివరిదాకా వచ్చింది. పాసు చూపించడానికి చెయ్యి చాపింది. అప్పుడు తుమ్మింది.

ఒక్కటే. మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం, ఆ రెండింటి లోపల డప్పు పగిలినట్టు మోగింది. ముందున్నవాళ్లు ఉరికారు. వెనకున్నవాళ్లు వాళ్ల గుండ్రాలు వదిలిపెట్టి వెనక్కి పోయారు. అత్తమ్మ చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"నేనెక్క" అంది.

"ఎందుకెక్కవ్?"

"తుమ్మిన."

"అయితే ఏమైంది?"

"ఒక్కటే తుమ్మిన."

తెల్ల సూటులో తల నుంచి కాలి దాకా మూటగట్టినట్టున్న ఒక అమ్మాయి జ్వరం చూసే తుపాకీతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఎన్నిసార్లు తుమ్మారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మే చెప్పింది. "ఒక్కటే బిడ్డా. గదే నా ఫికర్."

నుదురు చూస్తే జ్వరం లేదు. అయినా ఆ అమ్మాయి మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, మిగతావాళ్లు ఎక్కాక మళ్లీ చూస్తానంది. ఈలోగా ఇంకోసారి తుమ్మితే డాక్టర్ని పిలవాల్సి ఉంటుందనీ, ఆయన సరేనంటేనే ఎక్కనిస్తామనీ చెప్పింది. అంటే విమానం వాళ్లకు ఒక్క తుమ్ము ఎక్కువైంది. మా అత్తమ్మకు ఒక్క తుమ్ము తక్కువైంది. నాకు ఈ ఇద్దరూ ఎక్కువయ్యారు.

"కూసున్నవ్ గద, ఇగో నీళ్లు. రెండు గుక్కలు తాగు, దోషం పోతది" అని సీసా చేతికిచ్చాను.

"ఇంట్ల కూసోని తాగాలె. గిది ఇల్లా?"

"టిక్కెట్ కొన్నం, ఏసీ ఏసిన్రు, బాత్రూం ఉన్నది. ఇంకేం గావాలె ఇల్లంటె?"

"మామూలు పనైతె గీ నీళ్లు సాలు" అంది అత్తమ్మ. "గిది పిల్ల కానుపు. పోయినసారి నేను జైపూర్‌కు రైలెక్కబోతుంటె పెట్టెల కూసున్నాయన తుమ్మిండు. రైలు పోతదని ఆగలే. నేను పోయేసరికి పిల్ల దవాఖానల ఉండె. కడుపు పొయ్యింది."

ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా తుమ్ముల మీద నేను గెలిచిన వాదనలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఆ రైల్లో తుమ్మినాయనకూ ఆ పిల్లకు జరిగినదానికీ సంబంధం లేదని చెప్పడానికి నా దగ్గర కావలసినంత సైన్సు ఉంది. కానీ అత్తమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గేటుకు వీపు తిప్పి కూర్చుంది. అక్కడ వరుస సన్నబడుతోంది. సైన్సు చెప్తూ కూర్చుంటే విమానం పోతుంది. అందుకని వాదన మానేసి తుమ్ము తయారుచేసే పనిలో పడ్డాను.

మొదట దీపాల వైపు చూడమన్నాను. చూసింది. "మస్తు ఖర్చు వెట్టిన్రు" అంది, తుమ్మలేదు. చేతిరుమాలు కొస వత్తిలా పేని, ఎవరూ చూడకుండా అద్దం కింది నుంచి ముక్కులో తిప్పమన్నాను. తిప్పింది. నవ్వొచ్చింది, తుమ్ము రాలేదు. అప్పుడు నాకు చేతిసంచిలోని కాయం డబ్బా గుర్తొచ్చింది. మూత తీసి, ఆమె ముక్కు కింద పెట్టాను.

అత్తమ్మ అగరొత్తుల పొగ పీల్చినట్టు నిండుగా పీల్చింది. కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "మిరియాలు జర తక్కువైనయి" అంది.

తుమ్మింది నేను. ఒకటి, రెండు, మూడు. ఆపుకుందామనుకుంటే ఇంకా గట్టిగా వచ్చాయి. మాకు దూరంగా కూర్చున్న ఒకాయన, మూడు మాస్కులు పెట్టుకున్నవాడు, సామాను వదిలేసి ఒక స్తంభం వెనక్కి పోయాడు. అద్దం లోపల నా కళ్లు, ముక్కు ఏకధారగా కారుతున్నాయి. తుపాకీ అమ్మాయి అక్కడి నుంచి మా వైపు బయలుదేరింది.

"అయిపాయె" అన్నాను, ఊపిరి తిప్పుకుంటూ. "నీది ఒకటి, నాయి మూడు. నాలుగు. రెండు జతలు. లే, పోదాం."

"ముక్కులు వేరే గదనే."

"ఎట్ల వేరే? నేను ఎవరి కోడల్ని?"

"కోడలివే. ముక్కు మీ అమ్మోళ్లది."

"ముక్కు మా అమ్మోళ్లదే. మరి ముక్కుపుల్ల ఎవరు వెట్టిన్రు?"

అత్తమ్మ ఆలోచనలో పడింది. పెళ్లిలో ఆ ముక్కుపుల్ల ఆమే పెట్టింది. రాయి మంచిదని అందరికీ చూపించి మరీ పెట్టింది. పెట్టిన నాటి నుంచి ఆ ముక్కు ఎవరి ఇంటికి చెందుతుందో ఆమెకు నేను చెప్పాలా? ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దిక్కు, కర్ణాటక సరిహద్దు పక్కన. పెద్ద లెక్కలు వచ్చినప్పుడు కన్నడంలోకి పోతుంది. ఇప్పుడూ పోయి, వేళ్లు మడుచుకుంటూ ఏదో గొణిగి, తిరిగి తెలుగులోకి వచ్చింది.

"నడుస్తది" అంది.

ఇక మిగిలింది తుపాకీ అమ్మాయి. నా నుదురు చూసింది. జ్వరం లేదు. అయినా, "మేడం, మీరు మూడుసార్లు తుమ్మారు, డాక్టర్ని పిలుస్తాను" అంది. రోగం వేరు, ఘాటు వేరు అని నేను మొదలుపెట్టాను. మిరియాలలో ఏముంటుందో, అది ముక్కులో ఏం చేస్తుందో, చదువుకున్న చదువంతా ఒప్పజెప్పాను. ఆ అమ్మాయి వినలేదు. అప్పుడు అత్తమ్మ నన్ను మోచేత్తో పక్కకు జరిపి, డబ్బా ఆ అమ్మాయి ముందు పెట్టి, "కాయం బిడ్డా. నా బిడ్డ కానుపుకు పోతున్నం" అంది.

అద్దం వెనక ఆ కళ్లు ముందు డబ్బాను చూశాయి, తర్వాత అత్తమ్మను చూశాయి. "మా అమ్మ గూడ దంచుతది" అంది ఆ అమ్మాయి, ఎయిర్‌పోర్టు తెలుగు పక్కన పెట్టి. "ముందు మూత వెట్టున్రి. నాక్కూడ తుమ్ము వొస్తది." డాక్టరుకు కబురు పోయింది, ఆయన వచ్చి దూరం నుంచి నన్నొకసారి, డబ్బానొకసారి చూసి, ఎక్కమని చెయ్యి ఊపాడు. అందరికంటే చివర మేమే ఎక్కాం.

మధ్య సీటు వాళ్లకు తెల్లటి గౌను తొడుక్కోమని ఇచ్చారు. ఆ సీటు అత్తమ్మది. తొడుక్కుని, ఎదురుగా అలాంటి తెల్ల గౌనులోనే ఉన్న ఎయిర్ హోస్టెస్‌ను చూసి, డాక్టరమ్మే అనుకుని మోకాళ్ల నొప్పులు చెప్పుకుంది. ఆ పిల్ల ఓపికగా విని, నీళ్ల సీసా ఇచ్చింది. "గీడ మందు మంచిగిస్తున్నరు" అని అత్తమ్మ తృప్తిపడింది. కిటికీ పక్కన కూర్చున్నది ఎవరనుకున్నారు, స్తంభం వెనక దాక్కున్న మూడు మాస్కులాయనే. జైపూర్ వచ్చేదాకా ఆయన మా వైపు తిరగలేదు. మెడ పట్టేసి ఉంటుంది పాపం.

జైపూర్‌లో ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. పుల్ల పెట్టగానే అత్తమ్మ టపటపా రెండు తుమ్ములు తుమ్మింది. పరీక్ష చేస్తున్నాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. అత్తమ్మ లేచి అతని తల మీద చెయ్యి పెట్టి దీవించబోతే, మరింత వెనక్కి జరిగాడు.

మా ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం మళ్లీ అదే మాట. ఒక్కరే. నేనెళ్తే మేలని నాకు అనిపించింది. హిందీ వచ్చు, నలుగురిని అడగగలను. అత్తమ్మ వెళ్తే ఏడుస్తుంది. ఎవరు రావాలో ఆ పిల్లనే అడుగుదామని ఫోన్ చేశాను.

"అమ్మను పంపు వదినా" అంది. "నువ్వొస్తే డాక్టర్‌తోని లొల్లి వెట్టుకుంటవ్."

"అమ్మ వస్తే ఏడుస్తదే."

"ఏడ్వనీ వదినా. నాకు గూడ ఏడ్వాలనే ఉన్నది. ఒక్కదాన్నే ఏడ్వాలంటె ఏడుపు గూడ వస్తలేదు."

అత్తమ్మ లోపలికి పోయింది. నేనూ, మా ఆడబిడ్డ మొగుడూ కార్లు పెట్టే చోట ఒక వేపచెట్టు కింద నిలబడ్డాం. అతను బ్యాంకులో పనిచేస్తాడు, మామూలుగానే మాట తక్కువ. నాకు మాటలు లేకపోతే ఊపిరాడదు కాబట్టి, అక్కడి సెక్యూరిటీ ఆయనతో కుర్చీ కోసం గొడవ పెట్టుకుని, కుర్చీ తెచ్చి అతన్ని కూర్చోబెట్టాను.

ఎండ బాగా ఎక్కాక వీడియో కాల్ వచ్చింది. ఇద్దరం ఫోన్ మీదికి వంగాం. తెర మీద ఒక సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. దాని వెనక నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడుతోంది, గట్టిగా, ఎవరితోనో తగాదా పడుతున్నట్టు.

"ఆడపిల్ల, కనబడుతున్నదా?" అంది అత్తమ్మ గొంతు.

"ఫ్యాను కనబడుతున్నది అత్తమ్మా. ఫోన్ తిప్పు."

"తిప్పిన."

ఇప్పుడు కిటికీ కనబడింది. "అమ్మా, అటు గాదే, ఇటు" అని మా ఆడబిడ్డ గొంతు వినబడింది, నీరసంగా, నవ్వుతూ. మళ్లీ ఫ్యాను వచ్చింది.

"ఎవరి పోలిక అక్కా?" అని అడిగాడు అతను, నా భుజం వెనక నుంచి.

"గిప్పటికైతె మూడు రెక్కలు కనబడ్డయి" అన్నాను.

అతను నవ్వాడు. నవ్వుతూనే పక్కకు తిరిగి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు. మాస్కు వల్ల అద్దాలకు ఆవిరి పట్టిందన్నాడు. నేను వాదించలేదు.