ఎవరూ తీసుకుపోని కిర్రుచెప్పులు

సర్దార్‌జీ పోయారు. చైతన్యపురిలో పోటీ పరీక్షల పిల్లలకు చరిత్ర పాఠం చెబుతుండగా ఫోన్‌లో కబురు వచ్చింది. పాఠం ఆపి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక ఆ చెప్పుల సంగతేమిటి?

ఎల్బీనగర్‌లో మా గల్లీ మొదట్లో ఆయనది లారీ బ్యాటరీల షాపు. తాతల కాలంలో పంజాబ్ నుంచి వచ్చిన కుటుంబం. తలపాగా, తెల్లగడ్డం అక్కడివి, మాట మాత్రం మా నల్లగొండ మాటే. "ఏంది బేటా, తిన్నవా?" అని అడగకుండా ఎవరినీ పోనిచ్చేవారు కాదు. లేదంటే చేతిలో రొట్టె పడేది. తిన్నానన్నా పడేది. ఉద్యమం రోజుల్లో నేనూ నా స్నేహితుడూ కాలేజీలో చదువుతూ ఆ షాపు పైగదిలో కిరాయికి ఉండేవాళ్లం.

ఆయన పొద్దున్నే మెట్ల కింద ఉన్న మా చెప్పులన్నీ గుడ్డతో తుడిచి, జతలుగా పెట్టేవారు. పెద్దవారు మీరు ముట్టుకోవడమేమిటని గొడవపడితే నవ్వేవారు. గురుద్వారాకు వచ్చినవాళ్ల చెప్పులు తుడవడం వాళ్లలో పెద్ద సేవ. వయసులో ఉన్నప్పుడు ఆయన పంజాబ్‌లోని ముక్త్‌సర్ గురుద్వారాలో కొన్నాళ్లు ఆ సేవ చేశారట. అది ఒకప్పుడు యుద్ధం జరిగిన చోటు, చెరువు గట్టు. "నువ్వు మా గురువువు కావు, మేం నీ శిష్యులం కాము" అని సిక్కుల పదో గురువుకు కాగితం రాసిచ్చి వెళ్లిపోయిన నలభై మంది, సిగ్గుపడి తిరిగొచ్చి అక్కడే పోరాడి ప్రాణాలు వదిలారట. గురువు ఆ కాగితాన్ని చింపేశాడట. ఇంతవరకూ అందరూ చెప్పే కథే. ఆయన దానికి కలిపే చివరి ముక్కకే నాకు వెన్నులో చలి పుట్టేది.

"పొద్దుగాల ఎవ్వరు రాకముందే తలుపు తీస్తే, అరల నిండ చెప్పులుంటుండె బేటా. తడి తడి చెరువు మన్నుతోని. లోపలికి తొంగి సూస్తే ఒక్క మనిషి లేడు."

"మరేం జేసిండ్రు?"

"ఏం జేస్త? తుడిచిన. మనిషి కండ్లవడ్డా పడకున్నా తుడుసుడే గద మన పని."

ఒకరోజు పగలు చౌరస్తాలో రాస్తారోకో. మా మేనమామ ఊళ్లో కుట్టించి పంపిన కొత్త కిర్రుచెప్పులు ఆ రోజే తొడుక్కున్నాను. నలుగురూ వినాలని కావాలనే కిర్రుకిర్రుమనిపిస్తూ మెట్లు దిగాను. మధ్యాహ్నానికి లాఠీలు లేచాయి. నా స్నేహితుడు కింద పడి నా చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని ఉత్తకాళ్లతో పరుగెత్తాను. వెనకనుంచి నా పేరు రెండుసార్లు వినిపించింది.

రోడ్డు ఖాళీ అయ్యాక సర్దార్‌జీ గోనెసంచి పట్టుకెళ్లి, చెల్లాచెదురైన చెప్పులన్నీ ఏరుకొచ్చారు. తుడిచి షాపు గోడ వారగా వరసపెట్టారు. రెండు మూడు రోజుల్లో ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. నా స్నేహితుడు విరిగిన చేతికి కట్టుతో వచ్చి తన జత తీసుకున్నాడు. నా జత వంక చూశాడు, నా వంక చూశాడు, ఊరికి వెళ్లిపోయాడు.

ఒక్క జత మిగిలింది. నావని చెబితే వాణ్ని వదిలేసి పారిపోయానని ఒప్పుకున్నట్టే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఈలోగా ఆ చెప్పుల పిల్లవాడు చనిపోయి ఉంటాడని గల్లీ తేల్చేసింది. ఎవరో వాటి మీద బంతిపూలు పెట్టారు. పక్కింటి విజయవాడ ఆవిడ "ఏ తల్లి కన్న బిడ్డో పాపం, ఎంత ఘోరమండీ!" అని కళ్లొత్తుకుంది. బతికుండగానే అమరుణ్నైపోయాను. అంతకంటే సిగ్గుంటుందా?

సర్దార్‌జీ మాత్రం పూలు తీసేసి, ఆ జతను షాపులో ఒక అరలో పెట్టి, రోజూ తుడిచేవారు. రాష్ట్రం వచ్చింది, మెట్రో స్తంభాలు లేచాయి, ఆయన మానలేదు. షట్టరు వెనక ఉన్నవాటికి తుడవడానికి ఏముంటుందని ఒకసారి అడిగాను. చెప్పు తిరగేసి చూపించారు. అడుగున తడిమన్ను. నడి ఎండాకాలం అది.

"ఉరికినోని చెప్పులు కుదురుగ ఉండయ్ బేటా. విడిచిన జాగకు పోయొస్తుంటయ్," అన్నారు, నా వంక చూడకుండా. ఆ తర్వాత నేను షాపు ముందునుంచి తల వంచుకునే నడిచాను.

ఆయన కోసం ప్రార్థనలు ముగిసిన రోజు వెళ్లాను. ఆయన పోయిన నాటినుంచి మూసే ఉన్న షట్టరును కోడలు ఎత్తింది. బ్యాటరీల మీద, ఆయన కుర్చీ మీద దుమ్ము. చెప్పుల మీద లేదు. మేకుకు వేలాడుతున్న గుడ్డ ముట్టుకుంటే తడిగా ఉంది.

"అక్కా, గీ చెప్పులు నావి. ఆ పొద్దు దోస్తును ఇడిసిపెట్టి ఉరికిన."

ఆమె ఆశ్చర్యపోలేదు. "ఎరుకనే తమ్మీ. ఆ పొద్దు మెట్ల మీద కిర్రు చప్పుడు ఇన్నడంట మా మామ. 'ఎవ్వరు అడగకున్రి, పిలగాడే ఒస్తడు' అంటుండె."

ఇన్నేళ్లూ ఆయనకు తెలుసు. ఒక్క మాట అనకుండా, నా నోటితో నేను చెప్పేదాకా నా మన్ను తుడుస్తూ కూర్చున్నారు. గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాను.

అక్కణ్నుంచే ఊళ్లో ఉన్న నా స్నేహితుడికి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాను. "రా" అన్నాడు. చెప్పులు కిందికి దింపి కాళ్లు పెట్టాను. వెచ్చగా ఉన్నాయి, ఎవరో ఇప్పుడే విడిచి పక్కకు జరిగినట్టు.