పిల్ల టీవీలోనే ఉంది

మా మావయ్యది లిఫ్టు ఉద్యోగం. పాతకాలపు ఆఫీసు భవనంలో, జాలీ తలుపున్న ఇనుప లిఫ్టు అది. అందులో మూలన ఒక స్టూలు, స్టూలు మీద మావయ్య. ఎవరు ఏ అంతస్తులో దిగుతారో వాళ్ళు నోరు తెరవకముందే మీట నొక్కేస్తాడు. "రోజంతా ప్రయాణం చేసి ఎక్కినచోటే దిగేవాణ్ణి నేనొక్కణ్ణే" అని తన మీద తనే జోకు వేసుకుంటాడు. మా బంధువుల్లో మావయ్యలకు కరువు లేదు కాబట్టి ఈయన లిఫ్టు మావయ్యగా స్థిరపడిపోయాడు. మా అమ్మకు సొంత తమ్ముడు. నేను మందుల షాపులో పనిచేస్తాను, ఆయన ఇంటికి కిందివాటాలోనే ఉంటాను. అందుకే ఆయన సంగతులు మిగతా చుట్టాలకన్నా నాకు ఎక్కువ తెలుసు. కొన్ని తెలియకపోతేనే బాగుండేది.

మావయ్యకు వస్తువంటే ప్రాణం. ఏది కొన్నా దాని అట్టపెట్టె పారేయనివ్వడు. రిమోటుకు కొన్ననాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు అంకెలు కనబడనంతగా మసకబారిపోయినా విప్పడు. టీవీకి అత్త చేత పూలగుడ్డతో ముసుగు కుట్టించాడు. చూడటం అయ్యాక ముసుగు వేస్తాడు, చూసేముందు తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెడతాడు. ఇంత చేసే మనిషికి ఆ వస్తువులు ఎలా పనిచేస్తాయో మాత్రం ఒక్క ముక్క తెలియదు. బొమ్మ చెదిరిందంటే టీవీ పక్కటెముకల మీద అరచేత్తో ఒక్కటిచ్చేవాడు. తప్పు దాంట్లో లేదు, మేడ మీది డిష్షులో ఉంది మావయ్యా అంటే, "బొమ్మ ఎక్కడ కనపడుతోంది? దీంట్లోనేగా?" అనేవాడు. ఆయనతో వాదించే బదులు గోడతో మాట్లాడుకోవచ్చు.

అత్త ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. రెడీమేడ్ బట్టల షాపువాళ్ళు పంపే ప్యాంట్లు పొట్టి చెయ్యడం, నడుము వదులు చెయ్యడం, ఊడిన జిప్పులు మార్చడం. వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్న ఇరుకు చోటులో ఆవిడ మిషను. మాట తక్కువ మనిషి. నాలుగు మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడి, మిగతా మూడూ కుట్టులో కలిపేస్తుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఇంటిపేరూ ఒంటిపేరూ అన్నీ ఉన్నా మాకందరికీ అది చంటి. కాలేజీకి వెళ్ళేంత ఎదిగినా చంటే. ఒకసారి ఏదో చిన్న టీవీ ఛానెల్‌వాళ్ళు వాళ్ళ కాలేజీకి వచ్చారు. కళ్ళ డాక్టరును కూర్చోబెట్టి పిల్లల చేత ప్రశ్నలు అడిగించారు. మైకు చంటి చేతికి వచ్చింది. "మా అమ్మ రాత్రిళ్ళు మిషను కుడుతుందండీ. కళ్ళు మండుతున్నాయంటుంది. కుట్టొద్దంటే వినదు. వినేలా మీరు చెప్పండి" అంది. అందరూ నవ్వారు. అది సిగ్గుపడి, మైకు ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసింది. అంతే, అక్కడితో కెమెరా డాక్టరు మీదికి పోయింది. ఆ కాసింత ముక్కనీ చంటే టీవీ పక్కనుండే డిష్షు బాక్సులో రికార్డు చేసి పెట్టింది. వాళ్ళ బాక్సు రికార్డు చేసుకునే రకం.

ఆ వానాకాలమే చంటికి జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. నడిచి ఆసుపత్రికి వెళ్ళిన పిల్ల నడిచి తిరిగి రాలేదు. మందుల షాపులో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, ఏ మందు దేనికో అందరికీ చెప్పేదాన్ని, ఆ రోజు మావయ్య పక్కన ఊరికే కూర్చున్నాను.

తరువాత మావయ్య బతుకంతా సాయంత్రానికి కుదించుకుపోయింది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీవీ ముసుగు తీసి మడత పెట్టి, మసక కవరు మీద నుంచే ఆ బటన్ వెతికి నొక్కేవాడు. చంటి లేచి నిలబడేది. "మా అమ్మ" అని మొదలుపెట్టేది. అయిపోయాక మళ్ళీ మొదటికి తిప్పేవాడు. రెండోసారి చూశాక ముసుగు వేసి భోజనానికి లేచేవాడు. ఏడ్చేవాడు కాదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురితో కాసేపు మాట్లాడి లేచిన తండ్రిలాగే ఉండేవాడు. ఆ కాసేపూ అత్త మిషను ఆగకుండా నడిచేది. ఒకరోజు పాలగిన్నె కోసం లోపలికి వెళ్ళి చూశాను. సూది కింద గుడ్డ లేదు. దారం కూడా లేదు. కాళ్ళు మాత్రం తొక్కుతున్నాయి.

ఆ రికార్డింగు ఫోనులోకి ఎక్కించుకుందామని చంటి స్నేహితురాలు అడిగితే మావయ్య ఒప్పుకోలేదు. ఫోన్లు పోతాయి, పగులుతాయి, ఎవరో ఒకరు కొట్టేస్తారు, టీవీ అయితే ఎక్కడికీ పోదన్నాడు. ఆ చిన్న ఛానెల్ కూడా తరువాత మూతబడింది.

ఇంతలో మా ఎదురుగా పెద్ద భవనం లేవడం మొదలైంది. అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోయి సరిగ్గా మా డిష్షు చూసే దిక్కుకు అడ్డంగా నిలబడింది. ఒకటొకటిగా ఛానెళ్ళన్నీ పోయాయి. డిష్షుల షాపతను వచ్చి చూసి, ఈ కంపెనీ ఇక ఇక్కడ పనిచెయ్యదు, వేరే కంపెనీది పెట్టించుకోండి, దానికి డిష్షు ఇటువైపు తిరుగుతుంది, అడ్డం ఉండదన్నాడు. రెండు కంపెనీల పనీ చూసేది వీధి చివరి ఆ షాపే.

అత్త మారుద్దామంది. మావయ్య ఒక్కటే అడిగాడు.

"టీవీ మార్చరు కదా?"

"టీవీ ఎందుకు మారుస్తారండీ? డిష్షూ బాక్సూ మారుతాయి, అంతే."

"టీవీ జోలికి రాకపోతే చాలు. మిగతాది ఏం పెట్టుకుంటే నాకెందుకు" అన్నాడు.

చంటి ఎక్కడుందో ఆయనకు ఏ అనుమానమూ లేదు. నాకు కూడా ఒకసారి వివరించాడు. "చూడమ్మా, సిగ్నల్ లేదు. ఒక్క ఛానెలూ రావట్లేదు. అయినా మన పిల్ల మాత్రం వస్తోంది. అంటే ఏంటి? బయటినుంచి రావట్లేదన్నమాట. పిల్ల టీవీలోనే ఉంది." ఆ మాట ఎంత నమ్మకంగా అన్నాడంటే నేను తల ఊపాను. ఆ బాక్సు ఇచ్చెయ్యాలన్న సంగతి అప్పటికి మా ఎవరి చెవినా పడలేదు.

కొత్త కనెక్షన్ పెట్టిన రోజు నేను మందుల షాపులో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి మావయ్య మంచి హుషారుగా ఉన్నాడు. మెట్ల మీదే నన్ను ఆపి అంతా చెప్పాడు. మెకానిక్కు టీవీ జరపబోతే వద్దని తనే జరిపాడట. వైర్లు పెట్టేంతసేపూ టీవీకి ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడట. మేడ మీద డిష్షు బిగించేటప్పుడు తను వైరు పట్టుకుని పైనే ఉంటే, మెకానిక్కు కిందికి దిగి పాత బాక్సు ఊడదీశాడట. అది కంపెనీదే కాబట్టి తిరిగి ఇచ్చెయ్యాలన్నాడట.

"ఇచ్చేశావా మావయ్యా?"

"ఇవ్వక? దుమ్ము పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, దాని అట్టపెట్టె నా దగ్గరే ఉందిగా, దాంట్లో పెట్టి మరీ ఇచ్చాను. ఇన్నేళ్ళకు పెట్టెతో సహా ఇచ్చినవాళ్ళను మిమ్మల్నే చూశానన్నాడు ఆ అబ్బాయి."

ఆయన మొహంలో మెప్పు పొందిన సంతోషం ఇంకా ఆరలేదు. నేను నోరు పెగల్చుకునేలోగా లోపలికి నడిచి, ముసుగు తీసి మడత పెట్టి, కొత్త రిమోటు అందుకున్నాడు. ఒక బటన్ నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. ఎవరో వార్తలు చదివారు, ఎవరో సబ్బు అమ్మారు. టీవీ పక్కన అరచేత్తో మెల్లగా తట్టాడు. నా వైపు తిరిగి, "కొత్త రిమోటు కదా, దీనికి మన పిల్ల సంగతి తెలిసినట్టు లేదు. నువ్వు చూడమ్మా" అన్నాడు.

చెప్పాను. చెప్పకుండా ఎంతసేపు తప్పించుకుంటాను? పిల్ల టీవీలో లేదు మావయ్యా, ఆ బాక్సులో ఉండేదన్నాను. ఆయన ముసుగు మడత విప్పి టీవీ మీద కప్పాడు. అవతల మిషను ఆగిపోయి ఉంది.

మర్నాడు పొద్దున్నే తాళం తీసే వేళకు ఆ షాపు ముందు నిలబడ్డాను. పాత బాక్సులన్నీ నిన్నే వ్యానులో గోడౌనుకు వెళ్ళిపోయాయన్నాడు షాపతను. అక్కడ చేరగానే లోపలిది మొత్తం చెరిపేసి, తుడిచి, ఇంకొకరికి పంపిస్తారట. నా ముందే గోడౌనుకు ఫోను చేశాడు, పాపం. అవతలివాళ్ళు మా వీధి సరుకు అప్పటికే చెరిపేశామన్నారు. కోపం ఆగక మెకానిక్కు మీద పడ్డాను. ఊడదీసేముందు ఒక్క మాట అడగాలన్న జ్ఞానం లేదా అని నిలదీశాను. అతను ఎదురు తిరగలేదు.

"అడిగానండీ. ప్రతి ఇంట్లోనూ అడుగుతాం. దీంట్లో మీకు కావలసినవి ఏమైనా ఉన్నాయామ్మా అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ కాసేపు నిలబడి, ఏమీ లేవు బాబూ, తీసుకెళ్ళు అన్నారు."

ఎలా ఇంటికి వచ్చానో నాకు తెలియదు. మావయ్య డ్యూటీకి వెళ్ళిపోయాడు. అత్త మిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు కుట్టు విప్పుతోంది. నా మొహం చూసి ఆవిడే చెప్పింది.

"బాక్సులో ఉందని నాకు తెలుసు. ఒకసారి టీవీ రిపేరుకిచ్చినప్పుడు ఆ షాపువాళ్ళు చిన్న టీవీ ఇచ్చారు. బాక్సు దానికి తగిలిస్తే అందులోనూ వచ్చింది చంటి. అప్పుడు మీ మావయ్య డ్యూటీలో ఉన్నారు, ఆయన వచ్చేలోగా మన టీవీ తిరిగి వచ్చేసింది."

"తెలిసీ ఎలా ఇచ్చేశావత్తా?"

"ఇద్దామని అనుకోలేదే. ఆ అబ్బాయి అడిగేదాకా నా మనసులో ఆ ఆలోచనే లేదు." విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఆగింది. "రోజూ మా అమ్మ, మా అమ్మ అంటుంది. నేనిక్కడే ఉంటాను. పిలిస్తే పలకాలి కదా. ప్రతిరోజూ ఒక్క క్షణం వచ్చిందనే అనుకుంటాను. చెయ్యి తుడుచుకుని లేవబోతాను కూడా. ఆ తరువాత గుర్తొస్తుంది. రోజుకు రెండుసార్లు పోతోందే నా కూతురు."

తిడదామని వెళ్ళినదాన్ని, ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయాను.

"నువ్వు మావయ్యకు చెప్పకు. చెప్పాల్సిన రోజున నేనే చెప్తాను" అంది.

ఆ రోజు తొందరగానే వచ్చింది. మావయ్య తనను తానే తినేయడం మొదలుపెట్టాడు. ఎవరు పలకరించినా అదే మాట. "ఈ చేత్తోనే తుడిచిచ్చానమ్మా. గుడ్డ పెట్టి తుడిచి మరీ ఇచ్చాను." అన్నం ముందు కూర్చుని ఆ చేతినే చూసుకునేవాడు. లిఫ్టులో ఒక అంతస్తులో దిగాల్సినవాళ్ళను ఇంకో అంతస్తులో దించేస్తున్నాడని ఆఫీసువాళ్ళు నాకు ఫోను చేశారు. ఇన్నేళ్ళలో ఆయన మీద అదే మొదటి ఫిర్యాదు.

ఫోను వచ్చిందని అత్తకు చెప్పాను. సాయంత్రం మావయ్య వచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. టీవీ ముసుగు తియ్యలేదు. అత్త మిషను దగ్గర నుంచి లేచి వచ్చి గడపలో నిలబడింది. నేను వెళ్ళిపోబోతే ఉండమని చెయ్యి చూపించింది.

"ఏవండీ, తప్పు మీది కాదు. ఇచ్చేముందు ఆ అబ్బాయి నన్నడిగాడు, దీంట్లో కావలసినవి ఉన్నాయా అని. ఏమీ లేవన్నాను. తెలిసే అన్నాను."

మావయ్య తలెత్తాడు. రిమోటు ఎవరైనా నేల మీద పెడితేనే ఒంటికాలి మీద లేచే మనిషి. ఈ రోజు ఇల్లు నిలబడదనే అనుకున్నాను.

"ఎందుకే?" అన్నాడు మెల్లగా.

"దాని గొంతు వినలేకపోయానండీ."

మావయ్య మిషను వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆ సాయంత్రాలన్నీ మిషను ఎందుకు ఆగలేదో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. కోపం కోసం ఆయన మొహంలో వెతికాను. లేదు.

"ఆ ముక్క నాకు చెప్పొచ్చు కదే" అన్నాడు. "సౌండు తీసేసి చూసుకునేవాణ్ణి. నాకు బొమ్మ చాలేది."

అత్త గడపలోనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. మావయ్య లేచి వెళ్ళి ఆవిడ పక్కనే కింద కూర్చున్నాడు, ఏం చెయ్యాలో తెలియక ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. తరువాత ఆయనకూ ఏడుపు వచ్చింది. చంటి పోయాక వాళ్ళిద్దరూ ఒకే గదిలో ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను తలుపు దగ్గరగా వేసి కిందికి వచ్చేశాను.