వాసన పోని పన్ను

మా పండ్ల డాక్టరు శేషప్ప దేన్నయినా ముందు వాసన చూసేవాడు, తర్వాతే నమ్మేవాడు. కాఫీ ఇస్తే వాసన. జాబు వస్తే విప్పకముందే వాసన. ఆదోనిలో ఆయన గదికి ఆనుకునే నా టైలరు అంగడి. నేను కుట్టిన చొక్కాను కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉల్లిగడ్డ బజ్జీలు తిన్న చేత్తో కుట్టినావు కదప్పా?" అనేవాడు. నిజమే, తిన్నాను. అయినా ఒళ్లు మండేది.

ఆ ముక్కే ఆయన పరీక్షా యంత్రం. అందరూ పీకమని వచ్చేవారు, ఆయన పీకనంటే పీకననేవాడు. పుచ్చిన పంటి వేరులోకి సన్నని గరుకు తీగ పంపి కుళ్లు గోకేవాడు. మందులో ముంచిన దూది వత్తి దూర్చి, పైన తాత్కాలికంగా మూసేవాడు. వారం తర్వాత ఆ వత్తి తీసి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. కుళ్లు వాసన లేకపోతేనే లవంగనూనె కలిపిన ముద్ద, గట్టాపర్చా అనే రబ్బరు పుల్ల పెట్టి వేరు నింపేది. ఉంటే వచ్చే గురువారానికి వాయిదా. ఒకటే మాట: "ఇంగా ఉండాది. బేస్తవారం రా."

"ఈయనకు జలుబు చేసిందంటే ఆదోనిలో పండ్లన్నీ గోవిందా!" అనేవాణ్ణి నేను.

ఒకసారి కౌతాళం నుంచి ఉరుకుందమ్మ అనే ఆమె వచ్చింది. మూడో బేస్తవారం ఆయన వత్తి వాసన చూసి, "శుభ్రం! ఈ పొద్దే మూసేస్తా" అన్నాడు. ఆమె బోరుమంది. ఆయన గదికీ నా అంగడికీ మధ్య ఉన్నది ఒట్టి తడిక, అంతా వినబడింది.

"మూయొద్దు సామీ! నా కూతురు భీమక్కను ఈ ఊరికే ఇచ్చినాము. ఇప్పుడు ఏడో నెల. పెండ్లిలో పప్పుకు ఉప్పు లేదని వియ్యంకుడు అన్నాడంట, ఆ మాటకే మా ఆయప్ప ఆ గడప తొక్కనీడు, కాన్పుకు పిలవనీడు. ఈ పన్ను పేరు సెప్పే కదా, బిడ్డను సూసి పోతాండేది!"

శేషప్ప ఆ వత్తినే మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చాడు.

"అరెరే! ఉండాదమ్మా. లోపల్లోపల ఉండాది. బేస్తవారం రా."

ఆమె పోయాక, ఆయన చూడకుండా, చెత్తబుట్టలోని వత్తిని నేనే వాసన చూశాను. ఛీ, ఏం బతుకు నాది! లవంగం తప్ప ఏమీ లేదు. ఆయన ముక్కు అబద్ధమాడటం అదే మొదలు.

రెండు నెలలకు ఆమె వెంట మొగుడు మాదన్న కూడా ఊడిపడ్డాడు.

"ఒక పన్నుకు ఇన్ని బేస్తవారాలా? పీకెయ్ సామీ!"

శేషప్ప వత్తి తీసి అతనికే అందించాడు. "నువ్వే సూడప్పా."

"లవంగం వాసన."

"దాని కింద?"

మాదన్న మళ్లీ పీల్చాడు. "ఏమో... ఏదో ఉన్నట్టే ఉండాది."

"అదే!"

మరుసటి బేస్తవారం ఆదోనికి వచ్చిన ఉరుకుందమ్మ తిరిగి ఇంటికి పోలేదు. శుక్రవారం మొదటి బస్సుకే మాదన్న వచ్చి వాలాడు.

"నా పెండ్లాం యాడ సామీ?"

"ఎనక సందులో, నీ వియ్యంకుని ఇంట్లో. నిన్న నీ కూతురికి కాన్పయింది. పంటి వాసన కూడా పోయిందిలే! నన్ను తిట్టాలంటే తిట్టు, బిడ్డను సూసి వచ్చి తిట్టు."

మాదన్న పండ్లు పటపట కొరుకుతూ పోయాడు. మధ్యాహ్నం వచ్చినప్పుడు భుజం మీది టవలు తడిసి ఉంది. డాక్టరు గాలి ఎగబీల్చాడు.

"మనవణ్ణి ఎత్తుకున్నట్టుండావే!"

మాదన్న తల వంచుకుని కుర్చీలో కూర్చున్నాడు. "ఆ ఉప్పు మాట నేను మరిసిపోలే. వూర్లో అడిగితే ఏమని సెప్పి వచ్చేది? నాకూ ఒక పన్ను నొస్తాంది సామీ" అని నోరు తెరిచాడు.

నేనూ తొంగి చూశాను. ముప్పై రెండూ జొన్నగింజల్లా ఉన్నాయి. శేషప్ప ఒకదాని మీద దూది రాసి, కళ్లు మూసుకుని, తీరిగ్గా పీల్చాడు.

"ఉండాదప్పా, బాగా ఉండాది. బేస్తవారం రా."