మూడోసారి అడగలేదు

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చినప్పుడు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉన్నాను. మణి చనిపోయిందక్కా అన్నాడు వాళ్ళ తమ్ముడు.

ఏ మణి అని అడిగాను. నాకున్నది ఒక్క మణే.

వెనక ఆటోవాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు. బండి పక్కకి తీయాలని కూడా తోచలేదు.

నాగమణి. గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో పదకొండేళ్ళు నా పక్క సీటు. కొల్లేరులో చేపలు పట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. నాన్న పోయాక, అమ్మ చంటి తమ్ముణ్ణి తీసుకుని రొయ్యల ఫ్యాక్టరీ పనికి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ మణి పెద్దమ్మ ఇంట్లో ఉండిపోయింది.

షాపులో చేరిన మొదటి రోజు దాని దగ్గర లంచ్ బాక్స్ లేదు. చేపల పులుసు ఉంది, తింటావా అన్నాను. వద్దండీ, తినే వచ్చాను అంది.

నాకు బతిమాలడం చేతకాదు. మూత పెట్టేశాను. అది రెండు గ్లాసుల నీళ్ళు తాగొచ్చి బిల్లులు రాసుకుంది.

ఎంత పొగరు అనుకున్నాను. నెల రోజులు అలాగే అనుకున్నాను.

తర్వాత ఒకరోజు తనే చెప్పింది. పెద్దమ్మ ఇంట్లో అన్నానికి పిలవగానే కూర్చుంటే, పిలుపు కోసమే కాచుక్కూర్చుంది చూడండి అని అందరూ నవ్వేవాళ్ళట. అందుకని మొదటిసారి వద్దనేది. రెండోసారీ వద్దే. మూడోసారి పిలిస్తేనే కూర్చునేది.

ఒక్కోరోజు మూడోసారి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

"ఇప్పుడు నిజంగా ఆకలేసినా ముందు వద్దనే వచ్చిద్దక్కా నోటికి. నేనేం చేసేది?"

ఆ పెద్దమ్మని తిట్టబోతే ఆపింది. ఆవిడకీ నలుగురు పిల్లలట.

ఆ రోజు నుంచి మూడుసార్లు అడగడం నా డ్యూటీ. మొదటిసారి మామూలుగా, రెండోసారి విసుగ్గా, మూడోసారి ప్లేట్లో పెట్టేసి నోర్మూసుకుని తిను అని. అప్పుడు చూడాలి దాని తిండి! తలకాయ ముక్క ఇంకెవరికీ దక్కనిచ్చేది కాదు.

మూడేళ్ళుగా డిప్రెషన్‌కి మందులు వాడుతోంది. మనసు బాగోలేకపోతే రోజుల తరబడి తినేది కాదు. ఏంటి, డైటింగా అని షాపులో జోకులు. నేనూ ఒకటి రెండు వేశాను, అబద్ధమెందుకు.

మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చింది. అన్నం తిందువు గాని రా అన్నాను. తినే వచ్చానక్కా అంది. రెండోసారీ అడిగాను. ఇంతలో మా ఆడపడుచు ఫోన్. మాట్లాడి వచ్చేసరికి మణి గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.

సరే జాగ్రత్త అన్నాను. అంతే.

ఒంట్లో శక్తి ఏమీ మిగల్లేదు, గుండె తట్టుకోలేకపోయింది అన్నారట డాక్టర్లు. తమ్ముడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆదివారం ఇంటికెళ్ళాక వాడు కంచం పెట్టబోతే, అక్క వాళ్ళింట్లో తిన్నాను అందట. ఏం తిన్నావంటే చేపల పులుసు అందట.

ఆ రోజు మా ఇంట్లో చేపల పులుసే. పొయ్యి మీదే ఉంది.

పదకొండేళ్ళు అడిగినదాన్ని. ఒక్కరోజు మర్చిపోయాను. నన్ను క్షమించవే.

నీ మనసుకి ఇకనైనా శాంతి దొరకాలి మణీ. వెళ్ళిన చోట మొదటిసారి పిలవగానే వెళ్ళి కూర్చో.

ఎవరూ నవ్వరు.