గంజి పెట్టకూడని బట్ట

నల్లగొండ, కార్తీక మాసం, రెండో సోమవారం.

మా పక్కింటి డ్రిల్లు టీచరమ్మ మొన్న శుక్రవారం పొద్దున పోయింది. నమాజు చేసుకుని, చాయ్ తాగి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే కన్ను మూసిందని ఆమె కోడలు గోడ అవతలి నుంచి చెప్పింది. బాధ పడకుండా పోయింది. అంతవరకు తృప్తి.

వచ్చే నెల మన బడి ఆడపిల్లలు ఖోఖో ఆడడానికి మహబూబ్‌నగర్ పోతున్నారు. రిటైరైన తర్వాత కూడా ఆమె వాళ్ల వెంట పోయేది. ఈసారి ఉండదు. ఆమెకు తెలిసింది ఆమెతోనే పోకూడదని ఇది రాస్తున్నాను. విషయం ఆటలో ఆడపిల్లలు లోపల వేసుకునే చెడ్డీలు. సిగ్గుపడేవారు ఇక్కడితో చదవడం ఆపవచ్చు.

అదే బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. ఆట మొదలయ్యే ముందు ఆమె పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి, గొంతుకూర్చోమనేది, లేవమనేది, మళ్లీ కూర్చోమనేది. "యాడ పట్టింది?" అని అడిగేది. యాడా పట్టలేదంటే నమ్మేది కాదు. ఎవరి చెయ్యి బట్ట సర్దుకోవడానికి పోతుందో చూసేది. "నోరు అబద్ధం చెప్తది బిడ్డా, చెయ్యి చెప్పదు" అనేది.

ఎనభైల నడుమ ఒక సంవత్సరం మన జట్టులో ఎక్కువ మంది నేతవాడ పిల్లలే. అందరిలోకి చురుకైన పిల్ల తండ్రి ఒకనాడు బడికి వచ్చాడు.

"పోయినసారి తొడలు ఒరుసుకుపోయి పుండ్లతోని వచ్చింది టీచరమ్మా. పీట మీద కూసోని నూలు కండెలు గూడ చుట్టలేకపాయె. ఈసారి గూడ గట్లనే వస్తే ఆట బంద్, బడి గూడ బంద్."

"పుండు కాకుండ తెస్త అన్నా. నా జిమ్మ."

"మాట తప్పొద్దు మల్ల."

ఆమె మాట ఇచ్చిందంటే పని మొదలుపెట్టినట్టే. మెత్తటి బనీను గుడ్డ తెచ్చి తన మిషన్ మీద తనే కుట్టింది. రెండు కాళ్ల నడుమ నాలుగు పలకల ముక్క అతికింది. దాన్ని మియానీ అంటారు. అది ఉంటే ఒరుసుకునే చోట కుట్టు రాదు, కాలు ఎంత చాచినా బట్ట పట్టదు. తొడకు తొడ తగలకుండా సగం తొడ దాకా పొడవు పెట్టింది. నడుముకు సన్నటి ఎలాస్టిక్ వద్దని వెడల్పాటి నాడా వేసింది. "చెమట తాగే బట్ట గావాలె అక్కా. అది తాగినంక ఇంకోటి గావాలె" అని నాతో చెప్పి, ఒక్కొక్కరికి రెండేసి కుట్టింది. ఉతికి తెచ్చుకోమని పిల్లల ఇళ్లకు పంపింది.

మహబూబ్‌నగర్‌కు ఆసారి నేనూ పోయాను. బస్సు ఆలస్యమై, కూర్చోబెట్టి లేపి చూసే వీలు లేకుండానే పొద్దటి ఆట ఆడి గెలిచాం. కానీ పిల్లలు కాళ్లు ఎడంగా వేసుకుంటూ బయటికి వచ్చారు.

"ఏందే, బాతుల లెక్క నడుస్తున్రు?" అని అడిగింది టీచరమ్మ. ఆ చురుకైన పిల్లను గదిలోకి తీసుకుపోయి, ఆమె విడిచిన చెడ్డీ పట్టుకుని బయటికి వచ్చింది. అది అరచేతి మీద నిటారుగా నిలబడింది.

"గంజి ఎవరు పెట్టిన్రే?"

"మా అవ్వ, టీచర్. పడుగుకు పెట్టే గంజే. వాడల అందరు పెట్టిన్రు. పరాయి ఊర్లె మెత్తబట్ట కట్టుకుంటే ఇజ్జత్ పోతదని."

నేతవాడలో అది న్యాయమే. అక్కడ గంజి తాగని నూలు మగ్గం ఎక్కదు, గంజి పెట్టని చీర గడప దాటదు. రెండో చెడ్డీకి కూడా పెట్టి పంపారు, పైగా ఇస్త్రీ చేసి.

టీచరమ్మ మెట్ల మీద కూలబడి నవ్వింది. "మీరు పిల్లలా, మగ్గం మీది పడుగులా?" అంది. పిల్లలూ నవ్వారు. ఆ చురుకైన పిల్ల మాత్రం నవ్వలేదు. తొడలు అప్పటికే ఎర్రబడ్డాయి. "బాపు చూస్తే ఇగ కండెలే టీచర్" అని ఏడ్చింది.

వెంటనే నల్లా కింద బకెట్లు పెట్టాం. జిగురు పోయేదాకా పిసికి, జాడించి, ఎండలో ఆరేశాం. ఎర్రబడ్డ చోట టీచరమ్మ కొబ్బరినూనె రాసింది. గంజి పట్టి కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయని, చెడ్డీలు తిరగేసి వేసుకోమంది.

"కూసుంటే కుట్లు కనబడ్తయి టీచర్, నవ్వుతరు."

"కుట్టు లోపలుంటే నీకు తెలుస్తది, బయటుంటే లోకానికి తెలుస్తది. లోకం ఉరుకుతదా ఏంది?"

మధ్యాహ్నం ఫైనల్ ఓడిపోయాం. ఓటమిని ఓటమిగానే రాస్తాను. కానీ ఆ పిల్ల చివరి దాకా నిలిచి ఆడింది, మామూలుగా నడిచి బస్సెక్కింది.

మర్నాడు తండ్రి బడి గేటు దగ్గరికి వచ్చాడు. టీచరమ్మ ఎదురు పోయింది. ఆయన చెప్పులు చూసుకుంటూ, "పుండ్లు లేవంటంది ఇంటామె" అన్నాడు. పోబోయి వెనక్కి తిరిగి, "మల్ల ఆటలు ఎప్పుడు?" అని అడిగాడు.

ఆ పిల్లే ఇప్పుడు మన బడి డ్రిల్లు టీచరు. వచ్చే నెల జట్టును తీసుకుపోయేది ఆమే. ఆమె కోసం, జట్టు తల్లుల కోసం, ఇక జరగవలసినవి:

1. బనీను గుడ్డే కొనాలి. మెరిసే నైలాను ముట్టుకోవద్దు. మియానీ లేకుండా ఏ ఒక్కటీ కుట్టవద్దు.

2. పిల్లకు రెండు. పొద్దటి ఆట కాగానే తడిసింది విడిచి పొడిది వేసుకోవాలి.

3. బయలుదేరే ముందు ఎవరైనా నేతవాడలో ఇల్లిల్లూ తిరిగి గంజి సంగతి చెప్పాలి. చీటీ పంపితే చాలదు.

4. టీచరమ్మ మిషన్ మీద ఒక చెడ్డీ అట్లాగే ఉంది. జట్టులో అందరికంటే చిన్న పిల్లది. ఒక కాలు కుట్టింది, రెండోదానికి గుడ్డ మడిచి సూది కింద పెట్టింది. దాన్ని కదిలించవద్దని కోడలికి చెప్పాను. రేపు పొద్దున పోయి మిషన్ ముందరి ఆ కుర్చీలో కూర్చుని, ఆమె ఆపిన చోటి నుంచి నేను కుడతాను.